రొమ్ములు ముందే తీయించుకోవడమా, ఏటేటా పరీక్షలా: జన్యు ముప్పు తేలిన స్త్రీకి దారుల పోలిక

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడుకోవడం మునుపటికంటే పెరిగింది. అయితే, ఒంట్లో ఏ జబ్బూ లేని స్త్రీ ఒక జన్యు పరీక్ష నివేదికను చేత పట్టుకొని, ఆరోగ్యంగా ఉన్న రొమ్ములను ముందుగానే తీయించుకోవాలా అని అడిగినప్పుడు, ఒక్కొక్క దారిలోని లాభనష్టాలను తొందరపెట్టకుండా విడమరిచి చెప్పేవారు ఇప్పటికీ అరుదు. నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది, ఆసుపత్రిలో మాటలు ఒడియాలోనో హిందీలోనో నడుస్తాయి, ఇంటికి వచ్చాక భర్తకూ అత్తగారికీ చెప్పుకోవలసింది మాత్రం తెలుగులో.

నేను బరంపురంలో జీవశాస్త్రం బోధించి విరమించినదాన్ని, వైద్యురాలిని కాను. మా అక్క అండాశయ క్యాన్సర్‌తో చనిపోయే ముందు చేయించిన పరీక్షలో, బీఆర్‌సీఏ1 అనే జన్యువులో హానికరమైన మార్పు బయటపడింది. ఆ తరువాత మా ఇంట్లో ఆరుగురం పరీక్ష చేయించుకున్నాం. నాకూ మా పిన్ని కూతురికీ ఆ మార్పు లేదు. అక్క కూతుళ్లిద్దరికీ, మా తమ్ముడికీ, అతని కూతురికీ ఉంది. ఆ ముగ్గురు ఆడపిల్లలూ మూడు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నారు, ముగ్గురి కారణాలూ నాకు సబబుగానే తోచాయి. వారితో పాటు విశాఖపట్నానికీ భువనేశ్వర్‌కూ తిరిగి, వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదాన్ని ఇక్కడ క్రమంగా రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: మన జిల్లాలలో ఉండే స్త్రీ శస్త్రచికిత్సను కాగితం మీద రాసి ఉన్న పరీక్షల ప్రణాళికతో పోల్చుకోకూడదు, తాను నిజంగా ఏటా తప్పకుండా వెళ్లి చేయించుకోగల పరీక్షలతో పోల్చుకోవాలి.

ముందు నివేదిక సంగతి

"ఫలానా అమ్మాయికి బీఆర్‌సీఏ ఉందట" అని మనవాళ్లు అంటూ ఉంటారు. ఆ జన్యువులు అందరికీ ఉంటాయి. 1994లో గుర్తించిన బీఆర్‌సీఏ1 పదిహేడవ క్రోమోజోము మీద, 1995లో గుర్తించిన బీఆర్‌సీఏ2 పదమూడవ క్రోమోజోము మీద ఉంటాయి; దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం వాటి పని. వాటిలో పుట్టుకతో హానికరమైన మార్పు ఉన్నవారిలో ఆ మరమ్మతు కుంటుపడి క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మార్పు ఉన్న తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, అది సంక్రమించే అవకాశం సగానికి సగం. అమ్మ, అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మల గురించి మాత్రమే చెప్పి, మేనత్తల గురించీ నాయనమ్మ గురించీ చెప్పకుండా వచ్చేసే వారిని నేను చాలామందిని చూశాను. వైద్యులు అడిగే వంశవృక్షంలో తండ్రి వైపు సగం ఖాళీగా ఉంటే ఆ వంశవృక్షం పనికిరాదు. పైగా మన బంధువులు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పాతపట్నం వైపు చెదిరి ఉంటారు. 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దు చుట్టరికాలను విడదీయలేదు గానీ ఆసుపత్రి కాగితాలను మాత్రం విడదీసింది. ఎవరికి ఏ వయసులో, ఏ అవయవానికి క్యాన్సర్ వచ్చిందో ఫోన్లు చేసి కనుక్కొని రాసుకోవడానికి ఒక ఆదివారం కేటాయించుకోవడం మంచిది. చిన్న వయసులో వచ్చిన రొమ్ము క్యాన్సర్, ఏ వయసులో వచ్చినా సరే అండాశయ క్యాన్సర్, మగవాడికి వచ్చిన రొమ్ము క్యాన్సర్, హార్మోన్ గ్రాహకాలు లేని ట్రిపుల్ నెగటివ్ రకం, రెండు రొమ్ములకూ వచ్చిన క్యాన్సర్, వీటిలో ఏది కనిపించినా జన్యు సలహాకు వెళ్లవలసిందే. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే కాబట్టి, ఇంట్లో ఒక పెద్దావిడకు డెబ్బై ఏళ్ల వయసులో వచ్చిందని అందరూ పరీక్షలకు పరుగెత్తనక్కరలేదు.

వీలైతే ముందుగా క్యాన్సర్ వచ్చిన వ్యక్తికే పరీక్ష చేయించాలి. ఆమెలో మార్పు దొరికితే మిగిలినవారికి ఆ ఒక్క మార్పునే వెదకితే సరిపోతుంది. ఖర్చు తగ్గుతుంది, జవాబు కూడా అవునో కాదో స్పష్టంగా వస్తుంది. మా అక్క బతికి ఉండగానే పరీక్ష జరగడం మాకు ఎంత మేలు చేసిందో తరువాత గాని అర్థం కాలేదు.

నివేదిక మూడు రకాలుగా రావచ్చు: హానికరమైన మార్పు ఉందని, లేదని, లేక ప్రాముఖ్యత ఇంకా తేలని మార్పు కనబడిందని. ఈ మూడోదే మనవారిని ఎక్కువగా చిక్కుల్లో పెడుతుంది. ప్రపంచంలోని జన్యు సమాచార నిధులలో దక్షిణాసియా వారి వివరాలు తక్కువగా ఉన్నందువల్ల, మనకు ఇటువంటి తేలని ఫలితాలు ఎక్కువగా వస్తాయి; వాటిలో అత్యధిక భాగం కాలక్రమాన హానిలేనివిగా తేలుతున్నాయి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇలాంటి నివేదికనే చూపించి, పేరు చెప్పనక్కరలేని ఒక చోట, రెండు రొమ్ములూ తీయించుకోమని తారీకు కూడా ఇచ్చారు. జన్యు సలహాదారు చూసి ఆపకపోయి ఉంటే ఆ శస్త్రచికిత్స జరిగిపోయేదే. ప్రాముఖ్యత తేలని మార్పు ఆధారంగా రొమ్ములు తీయించుకోకూడదు. అప్పుడు నిర్ణయం కుటుంబ చరిత్ర మీదే ఆధారపడాలి.

జన్యువు పేరు కూడా చూసుకోవాలి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2, టీపీ53 వంటివాటిలో హానికరమైన మార్పు ఉంటే ముందస్తు శస్త్రచికిత్స గురించి చర్చించడం సమంజసం. సీహెచ్‌ఈకే2, ఏటీఎం వంటి మధ్యస్థ ముప్పు జన్యువులలో మార్పు ఉంటే, ఆ ఒక్క కారణంతో రొమ్ములు తీయించుకోమని సాధారణంగా సలహా ఇవ్వరు; పరీక్షలు పెంచితే చాలు.

ఎంత ముప్పు, ఏ వయసులో

ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ఎనభై ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న స్త్రీలలో 72 శాతం, బీఆర్‌సీఏ2 మార్పు ఉన్నవారిలో 69 శాతం. అండాశయ క్యాన్సర్ విషయంలో అవే అంకెలు 44, 17 శాతం. ఏ మార్పూ లేని సగటు భారతీయ స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి సుమారు మూడు నాలుగు మాత్రమే కనుక, తేడా ఎంతో చెప్పనక్కరలేదు.

అయితే 72 అన్న అంకె పుట్టినప్పటి నుంచి లెక్క. ఇప్పటికి అరవై రెండేళ్లు నిండి, ఏ క్యాన్సరూ రాని స్త్రీకి మిగిలిన ముప్పు అంతకంటే చాలా తక్కువ, ఎందుకంటే ఆమె ఆ ప్రమాదంలో చాలా భాగాన్ని దాటి వచ్చేసింది. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారిలో ఒక్కో ఏడాదికి ఉండే ముప్పు ముప్పై నుంచి నలభై ఏళ్ల లోపే వేగంగా పెరిగి ఆ తరువాత దాదాపు అదే స్థాయిలో సాగుతుంది. బీఆర్‌సీఏ2లో ఆ పెరుగుదల నలభై నుంచి యాభై మధ్య వరకు ఉంటుంది. కాబట్టి ముప్పై రెండేళ్ల కూతురికీ అరవై ఏళ్ల తల్లికీ ఒకే నివేదిక వచ్చినా ఒకే సలహా వర్తించదు. "మీ అమ్మగారు చేయించుకోలేదు కదా, నీకెందుకు" అనే అత్తగారికి చెప్పవలసిన జవాబు ఇదే.

పరీక్షల దారి

అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. ఇరవై అయిదేళ్ల నుంచి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి వైద్యురాలి చేత రొమ్ముల పరీక్ష, ఇరవై అయిదు నుంచి ఇరవై తొమ్మిది వరకు ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ, ముప్పై నుంచి డెబ్బై అయిదు వరకు ఏటా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రెండూ. చిన్న వయసు రొమ్ములో కణజాలం దట్టంగా ఉండడం వల్ల మామోగ్రామ్ ఒక్కటే చాలదు. ఎంఆర్‌ఐ చాలా చిన్న గడ్డలను కూడా పట్టుకుంటుంది.

ఈ దారిలోని సుఖం తెలిసిందే: శరీరం అలాగే ఉంటుంది, బిడ్డకు పాలివ్వవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మనసు మార్చుకొని శస్త్రచికిత్సకు వెళ్లవచ్చు. లోపం కూడా అంతే స్పష్టం: ఇది క్యాన్సర్‌ను రాకుండా ఆపదు, వచ్చినదాన్ని త్వరగా పట్టుకుంటుంది. త్వరగా పట్టుకున్నా కీమోథెరపీ తప్పకపోవచ్చు, ముఖ్యంగా బీఆర్‌సీఏ1లో తరచుగా వచ్చే ట్రిపుల్ నెగటివ్ రకం వేగంగా పెరిగేది కాబట్టి, ఒక ఏడాది పరీక్షకూ మరుసటి ఏడాది పరీక్షకూ మధ్యలోనే బయటపడే సందర్భాలు ఉంటాయి. ఎంఆర్‌ఐలో అనుమానంగా కనబడి, సూది పెట్టి ముక్క తీసి, చివరికి ఏమీ లేదని తేలే రోజులు కూడా ఉంటాయి. ఆ పదిహేను రోజుల ఎదురుచూపు కొందరు తట్టుకోగలరు, కొందరు నిద్రాహారాలు మానేస్తారు. తన స్వభావం ఏమిటో తనకు తెలిసినంత ఇతరులకు తెలియదు.

ఇక మన ప్రాంతపు సంగతి. రొమ్ము ఎంఆర్‌ఐ అంటే మామూలు ఎంఆర్‌ఐ యంత్రం ఉంటే సరిపోదు. బోర్లా పడుకున్నప్పుడు రొమ్ములు అమరే ప్రత్యేకమైన కాయిల్ కావాలి, గడ్డలు స్పష్టంగా కనబడడానికి నరానికి గాడోలినియం మందు ఎక్కించాలి, అన్నిటికీ మించి రొమ్ము చిత్రాలను చదివి అలవాటున్న రేడియాలజిస్టు కావాలి. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదిహేనో రోజు లోపల తీస్తే చిత్రం స్పష్టంగా వస్తుంది కాబట్టి ఆసుపత్రి ఇచ్చిన తారీకు, మన తారీకు కలవాలి. బరంపురం నుంచి విశాఖపట్నం రైలులో సుమారు 275 కిలోమీటర్లు, భువనేశ్వర్ అందులో మూడింట రెండు వంతుల లోపే. మల్కనగిరి వైపు పల్లెల వారికి ఇదే ప్రయాణం రెండు రోజుల పని. ముప్పై ఏళ్ల స్త్రీ డెబ్బై అయిదు వరకు ఇలా తిరగాలంటే నలభై అయిదు ఎంఆర్‌ఐలు, నలభై అయిదు మామోగ్రామ్‌లు. మొదటి మూడేళ్లు భయంతో వెళ్తారు. నాలుగో ఏడు పిల్లవాడి పదో తరగతి, అయిదో ఏడు అత్తగారి మోకాలి చిప్ప. రెండేళ్లు తప్పిన పరీక్షల దారిని నిఘా అనలేం.

ఈ దారినే ఎంచుకున్నవారికి ఒక చిన్న ఉపాయం చెబుతాను. ఎంఆర్‌ఐ, మామోగ్రామ్‌లను ఆరేసి నెలల ఎడంతో పెట్టుకుంటే ఏడాదికి రెండుసార్లు రొమ్ములు పరీక్షకు వస్తాయి. సంక్రాంతి వెళ్లిన నెలలో ఒకటి, శుభకార్యాలు లేని ఆషాఢంలో ఒకటి అనుకుంటే మరచిపోరు; రథయాత్ర వారంలో మాత్రం భువనేశ్వర్ వైపు రైలు టికెట్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

శస్త్రచికిత్స దారి

రెండు రొమ్ములనూ ముందుగా తొలగిస్తే క్యాన్సర్ ముప్పు 90 శాతం, లేక అంతకు మించి తగ్గుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ 1999లో ప్రచురించిన అధ్యయనం నుంచి ఇప్పటిదాకా ఈ మాటలో పెద్ద మార్పు లేదు. సున్నా ఎందుకు కాదంటే, చర్మం కిందా చంక వైపూ కొద్ది కణజాలం మిగలక తప్పదు. ముప్పు తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2019లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, ముందస్తు శస్త్రచికిత్స చేయించుకున్న బీఆర్‌సీఏ1 స్త్రీలలో మరణాలు పరీక్షల దారిలో ఉన్నవారికంటే తక్కువగా కనబడ్డాయి. బీఆర్‌సీఏ2 వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాల విషయంలో రెండు దారులూ దాదాపు సమానంగా ఉన్నాయి. అది క్రమం తప్పని ఎంఆర్‌ఐలు ఇంటి దగ్గరే దొరికే దేశపు ఫలితం. మన చోట పరీక్షలు ఎంత సడలితే తూకం శస్త్రచికిత్స వైపు అంత మొగ్గుతుందని నేను అనుకుంటున్నాను.

తొలగింపులోనూ రకాలున్నాయి, అసలు చిక్కు ఇక్కడే. మొదటిది, రొమ్మును తీసి ఛాతీని చదునుగా కుట్టేయడం. ఒకే శస్త్రచికిత్స, త్వరగా కోలుకుంటారు, సమస్యలు తక్కువ, దాదాపు ప్రతి క్యాన్సర్ శస్త్రవైద్యుడూ చేయగలడు. దీన్ని పేదవారి పద్ధతి అన్నట్టు చిన్నచూపు చూడడం తప్పు. పొలం పని, నీళ్ల బిందెలు మోసే పని ఉన్న స్త్రీలకు ఇది చాలా తెలివైన ఎంపిక కావచ్చు. రవికె లోపల పెట్టుకోవడానికి సిలికాన్‌వి దొరుకుతాయి గానీ, మన కోస్తా ఉక్కలో అవి చెమట పట్టించి చిరాకు పెడతాయి. మెత్తటి నూలుతో చేసినవి తేలిక.

రెండోది, చర్మాన్ని ఉంచి, వీలైతే చనుమొనను కూడా ఉంచి, లోపలి కణజాలాన్ని తీసి సిలికాన్ ఇంప్లాంటు అమర్చడం. చూపుకు బాగుంటుంది. అయితే చనుమొన మిగిలినా స్పర్శ చాలావరకు మిగలదు, ఈ మాట శస్త్రచికిత్సకు ముందు ఎవరూ నొక్కి చెప్పరు. రొమ్ములు పెద్దవిగా ఉన్నా, ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాలిచ్చి బాగా జారి ఉన్నా చనుమొనను కాపాడడం కష్టమవుతుంది. ఇంప్లాంటు జీవితాంతం అలాగే ఉంటుందన్న హామీ లేదు; చుట్టూ గట్టిపొర కట్టవచ్చు, చీము పట్టి తీసేయవలసి రావచ్చు, పదీ పదిహేనేళ్లకు మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చూ ఆ ప్రయాణమూ ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

మూడోది, పొట్ట కింద ఉన్న చర్మాన్నీ కొవ్వునూ రక్తనాళాలతో సహా తీసి, ఛాతీ దగ్గరి నాళాలకు సూక్ష్మదర్శిని కింద కలిపి రొమ్మును నిర్మించడం. వీపు కండరంతో చేసే పద్ధతీ ఉంది. సొంత మాంసం కనుక వయసుతో పాటు సహజంగా ఉంటుంది, మార్చే పని లేదు. కానీ చాలా గంటల శస్త్రచికిత్స, రెండు చోట్ల గాయం, సూక్ష్మ శస్త్రచికిత్సలో ఆరితేరిన ప్లాస్టిక్ సర్జన్ల బృందం కావాలి. ఇది ఎక్కడపడితే అక్కడ చేయించుకునే పని కాదు. మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు అని సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకూడదు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

ఏ పద్ధతి అయినా కొన్ని సంగతులు ఉమ్మడి. ముందుగా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ తీసి అప్పటికే దాగి ఉన్న క్యాన్సర్ లేదని చూసుకోవాలి. తీసిన కణజాలాన్ని ప్రయోగశాలకు పంపి ఆ నివేదిక తీసుకోవాలి. గాయం నుంచి వచ్చే ద్రవం కోసం పెట్టే గొట్టాలు, రోజుకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గేదాకా, అంటే సాధారణంగా వారం పదిరోజులు, ఒక్కోసారి రెండు వారాలకు పైగా ఉంటాయి. గొట్టాలతో రాత్రి రైలు ఎక్కి రాయగడకు రావడం మంచిది కాదు, ఆసుపత్రికి దగ్గరగా బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు చేసుకోవాలి. నెల నుంచి నెలన్నర వరకు బరువులు ఎత్తకూడదు, భుజం పట్టేయకుండా చెప్పిన వ్యాయామాలు మాత్రం మానకూడదు. ఛాతీ మొద్దుబారి ఉంటుంది, కొందరికి నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చక్కెర జబ్బు అదుపులో లేకపోయినా, పొగ తాగినా గాయం సరిగా మానకపోవచ్చు, చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. శ్రీకాకుళం, గంజాం తీరపు పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు కొందరు పెద్ద వయసు స్త్రీలకు ఇంకా ఉంది. వైద్యుడు సిగరెట్ అలవాటు ఉందా అని అడిగితే వారు లేదనే అంటారు. చుట్టయినా గుట్కా అయినా కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి, అలవాటు ఉన్న మాట దాచకూడదు.

చేయించుకున్నవారిలో ఎక్కువమంది కొన్నేళ్ల తరువాత కూడా తృప్తిగానే ఉన్నామని చెబుతారు. చింతించేవారూ ఉన్నారు. అటువంటివారిలో, ఆ ఆలోచన తమకు తాముగా రాక వైద్యుడి నోటి నుంచి మొదట వచ్చినవారు ఎక్కువని ఒక పాత అమెరికన్ పరిశీలన చెప్పింది. ఇది అత్యవసర శస్త్రచికిత్స కాదు. ఆరు నెలలు ఆలోచించుకునే హక్కు ప్రతి స్త్రీకీ ఉంది, ఆ ఆరు నెలల్లో పరీక్షలు మానకుండా ఉంటే చాలు.

మందు దారి

టామాక్సిఫెన్ మాత్రను అయిదేళ్లు వాడితే ముప్పు ఎక్కువ ఉన్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లు దాదాపు సగానికి తగ్గాయని 1998లో అమెరికాలో తేలింది. కానీ ఆ మాత్ర ఆపగలిగేది ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ మీద ఆధారపడే రకాన్నే. బీఆర్‌సీఏ2లో ఆ రకం ఎక్కువ కనుక కొంత ఉపయోగం ఉండవచ్చు. బీఆర్‌సీఏ1లో దాని మీద భారం వేయడం నాకు సమంజసంగా తోచదు. ఒంట్లో వేడి ఆవిర్లు, రక్తం గడ్డకట్టడం, యాభై దాటినవారిలో గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ ముప్పు ఉన్నాయి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నప్పుడు వాడకూడదు.

అండాశయాల ప్రశ్న వేరు

చాలామంది రొమ్ముల గురించి మాత్రమే ఆలోచించి అండాశయాలను మరచిపోతారు. నటి ఏంజెలీనా జోలీ 2013లో రొమ్ములు తీయించుకున్న సంగతి మన ఊళ్లలో కూడా తెలుసు, 2015లో అండాశయాలు తీయించుకున్న సంగతి అంతగా తెలియదు. అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకునే నమ్మదగిన పరీక్ష లేదు. స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్షల మీద భరోసా పెట్టుకోలేం. అందుకే బీఆర్‌సీఏ1 ఉన్నవారు పిల్లలు పుట్టాక 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారు 40 నుంచి 45 మధ్య అండాశయాలను, అండవాహికలను తీయించుకోవాలని సలహా ఇస్తారు. రొమ్ముల విషయంలో రెండు దారులున్నాయి. ఇక్కడ ఉన్నది దాదాపు ఒకటే దారి. ఒక సంవత్సరానికి సరిపడా డబ్బూ ఓపికా మాత్రమే ఉన్న నలభై ఏళ్ల స్త్రీ ఏది ముందు చేయించుకోవాలని నన్ను అడిగితే అండాశయాలే అంటాను. దాని వెంట ముట్లు ఆగడం, ఎముకలు గుల్లబారడం, వేడి ఆవిర్లు వస్తాయి. రొమ్ము క్యాన్సర్ రాని స్త్రీకి కొంతకాలం హార్మోన్లు ఇవ్వవచ్చా అన్నది వైద్యురాలితో మాట్లాడుకోవాలి.

ఇక్కడ మనవారికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. తెలుగు రాష్ట్రాలలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే అలవాటు దేశంలోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. "నాకు ముప్పై అయిదుకే సంచీ తీసేశారు, ఇంక నాకేం భయం" అనే పెద్దమ్మకు అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకే తెలియదు. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. పాత డిశ్చార్జి కాగితం దొరకకపోతే ఒక స్కానింగ్ తీసి చూసుకోవచ్చు.

పెళ్లి, పాలు, మేనరికం

పెళ్లి కాని పిల్ల విషయంలో ఎవరూ తొందరపడకూడదు. ఇరవైల్లో ఏటా ఎంఆర్‌ఐతో నడిపించి, పిల్లలు పుట్టి పాలు మాన్పించిన తరువాత శస్త్రచికిత్స గురించి తేల్చుకోవడం చాలామందికి నప్పుతుంది. తీసేసిన తరువాత పాలివ్వడం సాధ్యం కాదు. గర్భంతో ఉన్నప్పుడు గాడోలినియం ఎంఆర్‌ఐ తీయరు కాబట్టి, గర్భానికి ప్రయత్నించే ముందు ఒకసారి తీయించుకోవడం మంచిది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు బీఆర్‌సీఏ పరీక్ష చేయించకూడదు. పెద్దయ్యాక ఆ నిర్ణయం వారిదే.

మేనరికం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జన్యు సలహాదారులు మొదటి కలయికలోనే ఆ ప్రశ్న అడుగుతారు. మేనబావకూ మరదలికీ ఇద్దరికీ ఒకే బీఆర్‌సీఏ2 మార్పు వచ్చి ఉంటే, వారికి పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి వచ్చినదీ, తండ్రి నుంచి వచ్చినదీ) చెడినవే అయ్యే అవకాశం నూటికి 25. అప్పుడు ఫాంకోనీ అనీమియా అనే తీవ్రమైన రక్తవ్యాధి వస్తుంది. మార్పు ఉన్న కుటుంబంలో మేనరికం మాట వస్తే ఇద్దరికీ పరీక్ష చేయించాకే ముహూర్తం పెట్టుకోవాలి.

డబ్బు, కార్డు

ప్రభుత్వ ఆరోగ్య పథకాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఒడిశా కార్డుతో విశాఖపట్నంలో, ఆంధ్ర కార్డుతో భువనేశ్వర్‌లో ఏ ఆసుపత్రి ఒప్పుకుంటుందో ప్రయాణానికి ముందే కనుక్కోవాలి. జబ్బు లేని శరీరానికి చేసే శస్త్రచికిత్సను క్యాన్సర్ చికిత్సగా లెక్కిస్తారా లేదా అన్నది ఆసుపత్రి బిల్లింగ్ విభాగం నుంచి గానీ బీమా సంస్థ నుంచి గానీ రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట మీద చేరి, తరువాత బంగారం తాకట్టు పెట్టిన ఇల్లు నాకు తెలుసు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్ సెంటర్ శాఖ. మన ప్రాంతపు తెలుగువారికి భాష ఇబ్బంది లేకుండా సందేహాలు అడగడానికి అనుకూలమైన చోట్లలో అది ఒకటి. కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి.

మా ఇంట్లో

అక్క చిన్న కూతురికి ముప్పై నాలుగేళ్లు, రాయగడలో కాపురం, ఇద్దరు పిల్లలు. రెండేళ్లు పరీక్షలకు తిరిగి, మూడో ఏడు తప్పించుకుంది. ఆ తప్పిన సంవత్సరమే తనకు జవాబు చెప్పిందని అంటుంది. రొమ్ములు రెండూ తీయించుకుంది, చదునుగానే కుట్టించుకుంది. పెద్ద కూతురికి ముప్పై ఎనిమిది. విశాఖలో ఉద్యోగం, ఎంఆర్‌ఐ కేంద్రం ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఆమె అండాశయాలు తీయించుకొని, రొమ్ములకు పరీక్షలతోనే సాగుతోంది. ఒక బయాప్సీలో భయపడింది, తరువాత సర్దుకుంది. మా తమ్ముడి కూతురికి ఇరవై ఆరు. ఇంకా పెళ్లి కాలేదు. ఆమె ఏటా ఎంఆర్‌ఐ చేయించుకుంటూ, సంబంధం కుదిరే మాట వచ్చినప్పుడు నివేదిక సంగతి తానే చెబుతానని, వాళ్ల నాన్న చెప్పకూడదని షరతు పెట్టింది. మా తమ్ముడు మాత్రం తనకు ఆ మార్పు ఎందుకు వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదని అంటూ ఉంటాడు, "ఆడవాళ్ల జబ్బు కదా అప్పా" అని. వాడి కోసం వంశవృక్షాన్ని మళ్లీ ఒకసారి గీశాను, ఈసారి మా నాన్న వైపు కూడా పూర్తిగా. సోంపేటలో ఇద్దరు మేనత్తల పిల్లలకు ఇంకా కబురు వెళ్లవలసి ఉంది.